పెట్టె వంటి బండి

వాహనమనగానే వేగమూ, సొగసూ, అది తెచ్చిపెట్టే హోదా మనకు ముందుగా స్ఫురిస్తాయి. మేమును చాలాకాలం అట్లే తలచినవారమే. మా అభిప్రాయాన్ని మార్చినది మా తండ్రిగారు వేసిన ఒక్క అడుగు.

ఉద్యోగరీత్యా మేము కొంతకాలం జపాను దేశంలోని నగోయా నగరంలో కాపురమున్నాము. 2012లో నాన్నగారు మమ్ములను చూడవచ్చినారు. అంతకు ముందటి సంవత్సరం పక్షవాతం వచ్చి ఆయన ఎడమకాలు స్వాధీనం తప్పినది. మా కారులో సీటు బాగా పల్లంలో ఉండేది. ఎక్కించవలెనన్నా, దింపవలెనన్నా మేమిద్దరము ఆయన చంకల క్రింద చేతులు వేసి ఎత్తవలసి వచ్చేది. నలుగురూ చూస్తుండగా మూడుసార్లు అట్లు జరిగిన పిమ్మట, "నాయనా, నేను ఇంటిపట్టున ఉంటాను. మీరు వెళ్ళి రండి" అన్నారు. ఇరవై దినాలు గడప దాటలేదు.

ఒక సహోద్యోగి సలహాపై హోండావారి స్టెప్ వాగన్ అనే బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. 1996లో తొలిసారి వెలువడిన ఈ బండి జపాను కుటుంబాల కొరకు ఉద్దేశించినది. మాది 2005లో వచ్చిన మూడవ తరం నమూనా. చూచుటకు అచ్చముగా పెట్టె. దానిని ఇంటి ముందు నిలుపుటకు మొదట సిగ్గుపడినాము.

ఆ ఆకారానికి కారణం తరువాత తెలిసినది. జపానులో చిన్న కారు తరగతి నంబరు లభించవలెనంటే పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, పెట్రోలు ఇంజను 2000 సి.సి. మించరాదు. మా బండి వెడల్పు 1,695 మిల్లీమీటర్లు. హద్దుకు 5 మిల్లీమీటర్లే తక్కువ. అందులోనే మూడు వరుసలుగా ఎనిమిదిమంది కూర్చుండవలెను. ప్రక్కలు నిటారుగా నిలిపితేగాని లోపల చోటు మిగలదు. ఇరుకు చోట్లలో అడ్డు రాకుండా వెనుక తలుపులు ప్రక్కకు జరుగుతాయి. మొదటి రెండు తరాలలో ఎడమవైపు మాత్రమే ఉన్న ఈ సౌకర్యాన్ని మూడవ తరంలో రెండువైపులా కల్పించినారు. లోపలి నేలను కూడా బాగా క్రిందికి దించినారు.

మొదటి ఉదయం తలుపు ప్రక్కకు జరిగినది. మేము అలవాటు చొప్పున చేతులు చాపినాము. "ఆగండి" అన్నారు నాన్నగారు. పిడి పట్టుకొని, మంచి కాలు లోపల పెట్టి, రెండవ కాలిని చేతితో లాగుకొని, తామే కూర్చున్నారు. మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఆ దినం నగోయా కోట చూచి వచ్చినాము. తిరిగి వెళ్ళేవరకు ఆయన ఇంట ఉండిపోయిన దినాలు బహు తక్కువ.

నేడు నాన్నగారు లేరు. బండిని మేము స్వదేశానికి వచ్చేముందే అమ్మివేసినాము. దానిని రూపొందించినవారికి ఆయన ఎవరో తెలియదు. అయినను ఆయన వంటివారి కాలు ఎంత ఎత్తు లేవగలదో ముందే ఆలోచించినారు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు మెట్టు కట్టినా, బల్ల చేసినా, దరఖాస్తు పత్రం తయారుచేసినా, అందరికంటె వెనుక నడిచి వచ్చేవారిని ముందుగా తలచుకొనండి.