గాజుతొట్టిలోని నీరు

ఇంట గాజుతొట్టి నుంచి రంగుచేఁపలను బెంచుట నేఁడు కరీంనగరమందును ఆదిలాబాదునందును సామాన్యమైనది. వేడుక మంచిదే. కాని తొట్టిలోఁ జేఁప చచ్చినప్పుడు మనవా రాడు మాట యొకటి కలదు: “ఇంటికి రావలసిన కీడును చేఁప తనపై వేసికొని పోయినది.” ఈ మాట విన్నప్పుడెల్ల మాకు మనసు నొచ్చును. చంపినది కీడు గాదు, నీరు. ఆ నీటికిఁ గర్తలము మనము. మఱునాఁడే వేఱొక చేఁపను దెచ్చి యా నీటనే విడుతుము.

చేఁప తన మొప్పలగుండ అమ్మోనియాను విడుచుచుండును. మిగిలిన మేఁత క్రుళ్లినను అదియే పుట్టును. ఏటిలో నది కొట్టుకొనిపోవును. తొట్టిలో నెక్కడికిఁ బోవును? సూక్ష్మజీవులలో నొక తెగ దానిని నైట్రైటుగాను, మఱియొక తెగ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును తీవ్రవిషములు; మూఁడవది మితిమీఱనంతవఱకు చేఁప యోర్చును. ఈ జీవులు క్రొత్తతొట్టిలోఁ గుదురుకొనుటకు సుమారు 4 మొదలు 6 వారములు పట్టును. మనవారో, తొట్టి కొన్న సాయంకాలమే పదిచేఁపలను విడుతురు!

తేటనీరెల్ల మంచినీరు గాదు. మన పెద్దలు చిల్లగింజ నరగఁదీసి బురదనీటిని తేర్చుచుండిరి. దానిచే మన్ను దిగును గాని అమ్మోనియా దిగదు. కావున మేము మాతొట్టినీటిని కంటితోఁ గాక పరీక్షద్రవముతోఁ జూతుము. దిగువ మానేరు జలాశయమునుండి కరీంనగరమునకు వచ్చు నల్లానీటిలోఁ గ్లోరిను కలుపుదురు. మనలను రోగములనుండి కాచు నా క్లోరినే చేఁప మొప్పలను గాల్చును. మేలుచేయు సూక్ష్మజీవులనుగూడఁ జంపును. అందుచే వారమున కొకమాఱు నాల్గవవంతు నీరు మాత్రమే తీసి, ఒకదినము మూఁతలేని పాత్రలో నిలిపిన నీటిని పోయుదుము. వడపోఁత స్పంజిని నల్లాక్రింద కడుగక, తీసిన తొట్టినీటనే పిండుదుము. నీరంతయుఁ బాఱఁబోసి తొట్టిని సబ్బుతోఁ దోముట శుభ్రత గాదు, సంహారము.

మా ప్రాంతపు టెండ మఱియొక పరీక్ష. వేసవిని 45 డిగ్రీలు దాఁటుటయు, ఆదిలాబాదున చలికాలపు రాత్రి 5 డిగ్రీల దరికి దిగుటయుఁ గలదు. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును బట్టఁగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టును. వేఁడిమి హెచ్చినకొలఁది అమ్మోనియా విషమును హెచ్చును. అంగడిలో గంపెడు నీటనైన బ్రదికియుండు కొర్రమట్టను జూచి, చేఁపకు కొంచెము నీరు చాలునని మనవారు తలఁతురు. తెలంగాణ రాష్ట్రమత్స్యమైన యా కొర్రమీను పైగాలిని పీల్చుకొనఁగలదు. బంగారుచేఁప కా శక్తి యంతగా లేదు. అది నీటిపైకి వచ్చి నోరు తెఱచుట యాట గాదు, మొఱ.

1850లో లండనునందు రాబర్టు వారింగ్టను అను రసాయనజ్ఞుఁడు బంగారుచేఁపలను, నీటిమొక్కను, నత్తలను ఒక్కపాత్రలోఁ బెట్టి, యొకదాని మలినము మఱియొకదాని కాహారమగుటను జూపెను. ఆయనయు చేఁప చావుబ్రదుకులకుఁ గారణమును నీటియందే వెదకెను.

చదువరులారా, ఇది చేఁపల ముచ్చట మాత్రమే యనుకొనకుఁడు. “చేఁప యేల చచ్చినది?” అని యడుగు బాలునికి కీడుకథ చెప్పినచో, వాని ప్రశ్నను గూడ మనము చంపినవారమగుదుము. రేపు తన బిడ్డకు విరేచనములైనప్పుడు వాఁడు బావినీటిని పరీక్షింపక దిష్టి తీయును. పరీక్షద్రవపు సీసాను వానిచేతి కిచ్చి, నీటిరంగు మాఱుటను వానినే చూడనిండు. చచ్చిన చేఁప యెటులును దిరిగిరాదు. ఆ యింటఁ గారణమును వెదకు బుద్ధియైన బ్రదుకవలెను.