మెడ తిరగని డ్రైవర్లు

పెద్దవయసు వాళ్ల డ్రైవింగ్ అనగానే అందరూ కళ్ల గురించే అడుగుతారు. నల్లగొండలో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు మెడ కూడా చూడాలి. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే ముసలివాళ్లలో కొందరిని వెనక నుంచి పిలిస్తే తల తిప్పరు, మనిషే మొత్తం తిరుగుతాడు. కారణం తాగిన నీళ్లే. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి గానీ, బిగుసుకున్న వెన్ను మళ్లీ సడలదు.

అలాంటి ఒకాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. "బండి నడపొద్దని మీరన్న చెప్పుండ్రి సారూ." ఆయన పాలక్యాన్లు కట్టుకుని ఎక్సెల్ మోపెడ్ మీద రోజూ చిట్యాల వస్తాడు. "బండి గుంజుకుంటే పాలు ఎవడు కొంటవోతడు?" అన్నాడు. అదీ నిజమే. ఊరి రోడ్డు మీద ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ప్రమాదమంతా 65వ నంబరు హైవే దాటేచోట. పైగా బండికి అద్దాలే లేవు! రెండువైపులా పెద్ద అద్దాలు బిగించమని మందుల చీటీ మీదే రాశాను. హైవే దగ్గర బండి దిగి, ఒళ్లంతా తిప్పి చూసి, నెట్టుకుంటూ దాటమన్నాను. కొడుక్కి నచ్చలేదు.

నలభై దాటినవాళ్లకు లైసెన్సు కోసం మేం సంతకం పెట్టే ఫారం 1-ఎ, మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన నంబరుప్లేటు కనబడుతుందా అని అడుగుతుంది. మెడ ఎంత తిరుగుతుందో అడిగే గడి అందులో లేదు. నేనైతే భుజాల మీదుగా వెనక్కి చూడమంటాను. వేసుకుంటున్న గోలీలన్నీ బల్ల మీద పెట్టమంటాను. జలుబు గోలీ, నిద్రగోలీ మత్తు తెస్తాయి. షుగర్ గోలీ వేసుకుని తినకుండా బయల్దేరితే దారిలోనే కళ్లు తిరుగుతాయి.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చే ఒక రిటైర్డు టీచరుది కంటి సమస్యే. పగలు నంబరుప్లేటు బాగానే చదివాడు. రాత్రి జడ్చర్ల దగ్గర ఎదురు లైట్లు పడితే మాత్రం రోడ్డే మాయమయ్యేదట. శుక్లాలు. ఆపరేషన్ అయ్యేదాకా చీకటి పడ్డాక కారు తీయొద్దని, హైదరాబాద్‌కు భార్యాభర్తలిద్దరూ బస్సులో వెళ్లమని చెప్పాను.

"మా ఆమెకు బస్సు ఫ్రీ. టికెట్ నాకొక్కడికే సారూ," అన్నాడు. లెక్కల మాస్టారు మరి.