శావల్యాపురం జనాభా ఎంత?

యూరప్‌లో చిన్న పల్లెల గురించి రాస్తే చాలాసార్లు సంగతి రెండు వాక్యాల్లో తేలిపోతుంది: ఫలానా పట్నానికి ఇంత దూరం, జనం ఇంతమంది. పల్నాడులోని శావల్యాపురం గురించి అలా రాయబోతే మొదటి వాక్యంలోనే కలం ఆగుతుంది.

మండలం పేరు శావల్యాపురం. మండల కేంద్రం మాత్రం కనమర్లపూడి. 2011 జనగణన పట్టికల్లో మండలం పేరునే ‘శావల్యాపురం హెచ్.ఓ. కనమర్లపూడి’ అని వేశారు. పేరూ చిరునామా కలిపి ఒకే ముక్కలో చుట్టేశారన్నమాట! ఈ చిక్కు మనకొక్కరికే కాదు. పోలండ్ దక్షిణాన చెర్నిహూఫ్ అనే ‘గ్మీనా’ ఉంది, మన మండలం లాంటిదే. దాని కార్యాలయం ఉండేది త్రెస్నా అనే వేరే ఊళ్లో.

జిల్లా సంగతీ అంతే. నిన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు.

రైలు పటంలో మాత్రం ఈ పేరుకు తిరుగులేదు. గుంటూరు–గుంతకల్లు లైను మీద నరసరావుపేటకీ వినుకొండకీ మధ్య స్టేషను ఇది. ఒకప్పటి మీటర్‌గేజీ 1990లలో బ్రాడ్‌గేజీ అయింది. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను పిడుగురాళ్ల మీదుగా వచ్చి కలిసేదీ ఇక్కడే.

ఇక జనం. చేతిలో ఉన్న అధికారిక లెక్క 2011దే. పోలండ్ 2021లో, కోవిడ్ రోజుల్లోనే, తన జనాన్ని లెక్కపెట్టుకుంది. మనది వాయిదాలు పడీ పడీ 2027కు చేరింది. ప్రామాణిక తేదీ మార్చి 1, ఇల్లిల్లూ తిరిగేది ఫిబ్రవరిలో.

సరిగ్గా అప్పుడే ఇక్కడ మిరప కోతలు. సాగర్ కుడి కాలువ కింద నల్లరేగడి చేలల్లో ఎక్కడ చూసినా ఆరబోసిన కాయే. కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు. తాలుకు బస్తా వేరు, గుంటూరు యార్డులో ధరా వేరు. పల్నాడు చేలల్లో కాయ కోసేవాళ్లలో చాలామంది ఈ ప్రాంతంవాళ్లు కారు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు పల్లెల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చినవాళ్లు. చేల పక్కనే టార్పాలిన్ గుడిసెలు వేసుకుని, కోతలయ్యేదాకా అక్కడే వండుకు తింటారు.

లెక్కించే రోజుల్లో ఎప్పుడైనా సొంత ఇంట ఉన్నవాళ్లను అక్కడే రాయాలి, ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్లను ఉన్నచోట రాయాలి. జనగణన నియమం ఇది. అంటే కోసిగిలో ఇంటికి తాళం వేసి వచ్చిన కుటుంబం పల్నాడు పల్లె లెక్కలోకి రావాలి. కానీ తాళం చూసి అక్కడి ఎన్యూమరేటర్లు వెనుదిరిగి, ఇంటి నెంబరు లేని గుడిసెను ఇక్కడివాళ్లు వదిలేస్తే ఆ కుటుంబం రెండుచోట్లా గల్లంతే.

అందుకే 2027 ఫిబ్రవరిలో ఈ మండలంలో తిరిగే ఎన్యూమరేటర్లు చేల దారి కూడా పట్టాలి. పొద్దున వెళ్తే ఎవరూ దొరకరు, అందరూ కోతల్లో ఉంటారు. సాయంత్రం పొయ్యిలు వెలిగించే వేళకు వెళ్లడం మంచిది.