అసల్, నకల్

ఉర్దూ మీడియం బడిలో నకల్ అంటే మాకు పరీక్షలో కాపీ కొట్టడం. రెవెన్యూ ఆఫీసులో అదే మాట నకలు. అసల్ అక్కడే ఉంటుంది, చేతికి నకల్ ఇస్తారు. దాని మీద మనం ఏం గీసినా అసల్ చెక్కుచెదరదు. లినక్స్ కెర్నల్ కూడా ఇదే చేస్తుంది. చదివే ఇజాజత్ మాత్రమే ఉన్న ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్ తనకోసం మెమరీలోకి తెచ్చుకుని రాయబోతే, అప్పటికప్పుడు నకల్ తీసిస్తుంది. కాపీ-ఆన్-రైట్ అంటారు. మొదటి అక్షరాలు కలిపితే 'కౌ'. 2016 అక్టోబర్‌లో బయటపడ్డ 'డర్టీ కౌ'కి పేరు అలా వచ్చింది, ఆవుకి ఏ సంబంధమూ లేదు.

నాకు విడమరిచి చెప్పింది మా భాయిజాన్ కొడుకు. ప్రోగ్రామ్ రాస్తానంది. కెర్నల్ నకల్ తీసింది. నకల్ ఉంది కదా అని, దరఖాస్తులోంచి 'రాయడానికి' అన్న షరతు కొట్టేసి పేజీ కోసం మళ్లీ వెతకబోయింది. రెప్పపాటు కూడా లేని ఆ సందులో ఇంకో థ్రెడ్ 'ఈ మెమరీ నాకు అక్కర్లేదు' అంది. నకల్ పోయింది. వెతికే చేతికి అసల్ తగిలింది. చదవడానికే కదా అని ఇచ్చేసింది. రాత అసల్ మీద పడింది! వేలసార్లలో ఒక్కసారి కుదిరినా మామూలు యూజర్ మెషీన్ మొత్తానికి మాలిక్. 2007 నుంచీ ఆ సందు తెరిచే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా, అంటే అమ్మీ చేతిలో ఉండేలాంటి వాటిలో.

మరమ్మతు కొన్ని లైన్లే. షరతు కొట్టేయడం మానేశారు. 'నకల్ అయింది' అని విడిగా నిశానీ పెట్టి, అది ఇంకా ఉందా అని చూశాకే రాయనిచ్చారు.

ఆ లైన్లతోపాటు లినస్ టోర్వాల్డ్స్ రాసిన నోట్ దగ్గర ఆగిపోయాను. ఇది పాత బగ్ అనీ, పదకొండేళ్ల కిందట తానే సరిచేయబోయి సరిగ్గా చేయలేదనీ, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ఇబ్బంది వచ్చి అదీ వెనక్కి తీసుకున్నారనీ రాశాడు. అప్పట్లో అది కాగితం మీది ప్రమాదమే. ఇరవై ఏళ్లుగా పేపర్లలో ఉన్నాను. మా దగ్గర సవరణ అంటే లోపలి పేజీ మూలన, ఎవరి పొరపాటో చెప్పని రెండు లైన్లు. ఇక్కడ కోడ్ పక్కనే ఇక్‌బాల్-ఎ-జుర్మ్, ఎవరైనా చదవచ్చు.

అయినా కిస్సా ఖతం కాలేదు. నకల్ ఉందనడానికి పేజీ మీది 'డర్టీ' గుర్తును గవాహ్‌గా తీసుకున్నారు. పెద్ద సైజు పేజీల్లో నకల్ లేకుండానే ఆ గుర్తు పడే దారి ఉందని 2017లో తేలింది. మళ్లీ ప్యాచ్.

"గవాహ్ ఇంకెక్కడెక్కడ సంతకాలు పెడుతున్నాడో ఎవరూ అడగలేదు చాచా," అన్నాడు మావాడు.

మరి ప్యాచ్ చేరని పాత ఫోన్ల సంగతేంటి అన్నాను.

"దాదీ ఫోన్ ఎప్పుడు కొన్నారు?" అని ఎదురడిగాడు.