బంబుకు మూడు రకాల వేడి

కుంభారిలో మా ఇంట్లో గ్యాసు ఉంది, రొట్టెలు దాని మీదే కాలుతాయి. కానీ స్నానం నీళ్లకు మాత్రం ఇప్పటికీ ఇంటి ముందర బంబే. మరాఠీ వాళ్ల నుంచి మన సోలాపూర్ పద్మశాలి ఇళ్లలోకి వచ్చిన వస్తువు ఇది. చూడని వాళ్ల కోసం చెప్తాను. రాగి పీపా లాంటిది, నడుమ నిలువుగా ఒక గొట్టం. గొట్టం అడుగున జాలీ మీద కట్టెలు మండుతాయి, పొగ పైనుంచి పోతుంది. గొట్టం చుట్టూ నీళ్లు. మా దానికి కొళాయి కింద ఉంది.

ఇక్కడ బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన 10,000 ఇళ్ల గోదూతాయి పరుళేకర్ కాలనీ తాళాలు 2006లో ఇచ్చారు. మా మేనత్త కూడా బీడీలు చుట్టే మనిషే. ఒక చలికాలం పొద్దున బంబు పొగగొట్టం పక్కకు ఒరిగితే, పడిపోతదేమో అని ఎడమచేత్తో సర్ది పెట్టింది. మూడు వేళ్ల కొసలు కాలినయి. బీడీకి మజూరీ వెయ్యికింత అని లెక్క. వేళ్ల కొసలు లేకుంటే ఆకు మడత పడదు. పదిహేను రోజులు చాట ముట్టలేదు. "వేళ్లు కాలితే కడుపు కాలినట్టే" అంటది ఆమె.

అప్పటి నుంచి మా ఇంట్లో బంబును ఒకే వస్తువుగా చూడం. దానికి మూడు రకాల వేడి ఉంది.

మొదటిది నీళ్ల గోడ. లోపల నీళ్లున్నంత సేపు పీపా బయటి గోడ 100 డిగ్రీలు దాటదు. నీళ్లే దాన్ని పట్టి ఉంచుతాయి. అయినా అది తక్కువేం కాదు. 60 డిగ్రీల లోహాన్ని సుమారు ఐదు సెకన్లు ముట్టుకుంటే చర్మం కాలుతుంది, 70 దగ్గర ఒక్క సెకను చాలు. పిల్లల చర్మం పలుచన, ఇంకా తొందరగా కాలుతుంది. నీళ్లు అయిపోతే గోడను ఆపేవాళ్లు ఉండరు. అతుకుల టంకం 200 లోపే కరగడం మొదలుపెడుతుంది. అందుకే మాకు ఒక నియమం: ఒక చెంబు తీస్తే ఒక చెంబు పోయాలె. నీళ్లు పోసే నోరు ఎప్పుడూ మూయొద్దు, ఆవిరికి దారి ఉండాలె.

రెండోది పొగగొట్టం, జాలీ, బూడిద తలుపు. వీటి వెనక నీళ్లు లేవు, కాబట్టి హద్దూ లేదు. గొట్టం 200 దాటడం పెద్ద విషయం కాదు. ఎర్రగా కనిపించదు గనక చల్లగా ఉందనుకుంటాం. దూరం నుంచి పుల్లతో నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. చుయ్యిమని ఆవిరైతే 100 పైన. ఆవిరి కాకుండా ముత్యాల్లా దొర్లితే దాదాపు 200, ఆ పైన. రొట్టె పెనం మీద మన ఆడవాళ్లు చూసే పరీక్షే ఇది. ఏదైనా సర్దాలంటే పట్కారే, చెయ్యి కాదు.

మూడోది చుట్టుపక్కలకు తగిలే వేడి. నూలు కండెలు, ఎండిన బీడీ ఆకు, కట్టెల మోపు మూడు అడుగుల అవతల ఉండాలె. పక్క గోడ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే బంబును జరపాలె. మూసిన స్నానాల గదిలో మాత్రం ఎన్నడూ ముట్టించొద్దు. వాసన లేని విషవాయువు కాలిన గాయం కన్నా చెడ్డది.

ఈ మధ్య మా మేనల్లుడు పూణె నుంచి ముట్టకుండా వేడి చూపే పిస్తోలు లాంటి యంత్రం తెచ్చాడు. నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి, యంత్రం మాత్రం 41 చూపింది! యంత్రం చెడిపోలేదు. అది వస్తువు విడిచే పరారుణ కిరణాలను చూసి లెక్క కడుతుంది. తోమిన రాగి వాటిని చాలా తక్కువ విడుస్తుంది, అద్దంలా చుట్టుపక్కల వేడినే తిప్పి చూపిస్తుంది. అరచెయ్యంత మేర మసి తడిపి పూసి, జానెడు దూరం నుంచి చూస్తే 94 వచ్చింది. మెరిసే లోహం మీద అంకె తక్కువ కనిపిస్తే నమ్మి చెయ్యి పెట్టొద్దు.

బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేన్నీళ్లు. పసిపిల్లలకైతే మోచేత్తో చూసి పొయ్యాలె. ఒకవేళ కాలితే ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టండి. సిరా, పేస్టు, పసుపు పూయొద్దు. బొబ్బలు పెద్దవైతే దవాఖానకు పోవాలె.

దీపావళికి మేనత్త బంబును చింతపండుతో తళతళా తోముతది. పోయినేడు తోముతూ మసి మచ్చ దగ్గర ఆగి, "ఇదొక్కటి ఉండనీ, నిజం చెప్పేది ఇదే" అన్నది. మీ ఇంట్లోనూ ఇంకా బంబు ఉంటే, తోమేటప్పుడు అంత మేర నల్లగానే వదిలేయండి.