అడుగున మోగే తీగ

శనివారం రాత్రి జూబ్లీహిల్స్ పబ్‌లో మా బ్యాండు వాయిస్తుంటే అందరి చూపూ పాడే కుర్రాడి మీదే. నా బేస్ గిటార్‌కి నాలుగే తీగలు. అన్నిటికన్నా లావు తీగ మీటితే సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. చెవికన్నా ముందు గుండెకే తగులుతుంది. 1961లో వచ్చిన 'స్టాండ్ బై మీ' పాట ఎత్తుకోగానే దగ్గరి బల్ల మీది గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతాయి.

చిన్నప్పుడు రామాలయంలో భజన జరుగుతుంటే తాతయ్య ఓ మూల కూర్చుని తంబూరా మీటేవాడు. ఆయన్ని ఎవరైనా మెచ్చుకోగా నేను వినలేదు. ఒకరోజు ఆయన రాలేదు. పాటలన్నీ పాడారు, ఏ పాటా కుదురుగా నిలవలేదు.

ఇంటికొచ్చి, కాయ కాచిన వేలికొస తడుముకుంటే ఆయన గుర్తొస్తాడు. పాట కింద నేలలా ఉంటే చాలనిపిస్తుంది.