నియమగిరి – మా జామీను

నియమగిరి ఎక్కడ ఉన్నదని మా రాయగడలో ఎవరిని అడిగినా ఉత్తరం వైపు చెయ్యి చూపుతారు. ఎక్కి చూచినవారు మాత్రం తక్కువ. మేమూ ఆ కోవలోని వాళ్ళమే. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, నలుబది ఏండ్లు దాటినా ఆ కొండ ఎక్కలేదు. ఎక్కకుండానే ఆ కొండ పేరు చెప్పుకొని ఏడేండ్లు అప్పు కట్టినాము. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురాలలో ఈ పత్రిక చదివే మనవాళ్ళకు ఆ సంగతి చెప్పుకొంటే భారం కొంత తగ్గునేమో అని వ్రాస్తున్నాము.

మా తాతల నాడు రాయగడ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైన తరువాత కోరాపుట్ జిల్లాలోనికి వచ్చినది. 1992 అక్టోబరు 2న తానే ఒక జిల్లా అయినది. ఇల్లు కదలకుండానే మేము మూడు జిల్లాల వాళ్ళమైనాము. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. రెండూ వచ్చునని మాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

2009లో మా తమ్ముడు టిప్పరు లారీ కొంటానన్నాడు. అప్పటికే కొండకు అవతలి వైపున, కలహండి జిల్లా లాంజిగఢ్‌లో, వేదాంత కంపెనీ వారి అల్యూమినా కర్మాగారం నడుస్తున్నది. నియమగిరి పైన ఉన్న బాక్సైటు త్రవ్వటానికి ప్రభుత్వపు గనుల సంస్థతో కలిసి వారు సన్నాహం చేస్తున్నారు. దానికి అడిగిన అడవి 660 హెక్టార్ల పైచిలుకు, అంటే సుమారు 1,630 ఎకరాలు. గని వచ్చిందంటే లారీలకు చేతినిండా పని ఉంటుందని బజారంతా చెప్పుకొన్నారు. మా తమ్ముడూ అదే చెప్పినాడు. "నువ్వు జామీను సంతకం చెయ్యి అన్నయ్యా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. చేశాము. ఇంట్లో వాళ్ళు వద్దన్నారు. ఆడవాళ్ళకేం తెలుసునన్నాము. (ఈ మాట అచ్చులో చూచి మా ఇంట్లో నవ్వుకొంటారని తెలుసు.)

ఆ ఏడే జరిగిన మరొక సంగతి చెప్పాలి. ప్రతి బుధవారం చాటికోనలో సంత. డొంగ్రియా కోందులు కొండ దిగి పసుపు, అల్లం, అనాస, పనస తెచ్చి అమ్ముతారు. ఏడాదికి సరిపడ పసుపు మేము అక్కడే కొంటాము. ఆ రోజు కొనుక్కొని బయలుదేరుతుండగా ఒక కోందు కుర్రవాడు మడతలు పడిన కాగితం ఒకటి పట్టుకొని వచ్చాడు. అచ్చు వేసిన ఒడియా కాగితం. దీనిలో ఏమున్నదో చెప్పమని వచ్చీరాని ఒడియాలో అడిగాడు. రైలు వేళ అవుతున్నది. పై రెండు వరుసలు చూచి, "గని వస్తుందని ఉంది, మీకు మంచిదే" అని చేతిలో పెట్టి వచ్చేశాము. క్రింద ఏమి వ్రాసి ఉన్నదో మాకు ఈ నాటికీ తెలియదు. చదవనే లేదు. చదవటం వచ్చినవాళ్ళం మేము, అడిగినవాడు చదువు రానివాడు. రాసుల మధ్య నిలబడి అంత పని చేశాము.

ఆఫీసు కాగితాలతోనే మా బ్రతుకు గనుక ఈ విచారణల పద్ధతి తరువాత ఓపికగా తెలుసుకొన్నాము. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం, ఇటువంటి పెద్ద గని తలపెట్టినవారు దానివల్ల నీటికి, గాలికి, అడవికి, మనుషులకు ఏమి జరుగునో నివేదిక తయారు చేయించాలి. దాని సారాంశం ఇంగ్లీషులోను, రాష్ట్ర భాషలోనో స్థానిక భాషలోనో ఉండాలి. కలెక్టరు ఆఫీసు మొదలైన చోట్ల ఎవరైనా చూచుకొనేటట్లు పెట్టాలి. ముప్పై రోజుల గడువుతో పత్రికలలో ప్రకటించి, ఆ చోటికి దగ్గరలోనే సభ జరపాలి. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని వారు గాని అధ్యక్షత వహించాలి. సభ అంతా వీడియో తీయాలి. ఇంతమంది రావలెనన్న లెక్క లేదు, ఎవరూ రాకపోయినా సభ సభే! రాలేనివారు, దూరాన ఉన్నా దానితో సంబంధం ఉన్నవారు, తమ మాట వ్రాసి పంపవచ్చును.

చదివితే అన్నీ సక్రమంగానే ఉన్నవి. అయితే కొండ మీది వారి భాష కువి. రాష్ట్ర భాషలో సారాంశం ఉన్నంత మాత్రాన వారికి ఏమి ఒరిగినది? మా అమ్మకు ఒడియా చదవటం రాదు. రేషను కార్డు మీద పేరు తప్పుగా పడితే మూడు నెలలు తెలియనే లేదు. ఆ సంగతి ఎరిగి ఉండి కూడా ఆ కుర్రవాడికి కాగితం చదివి పెట్టలేదు.

మాకు కష్టం కలిగించిన మరొక ముక్క. గని వారి పథకంలో ఖనిజం కొండ మీదనుంచి కర్మాగారానికి దిగేది లారీలలో కాదు, కన్వేయరు బెల్టు మీద. బహిరంగంగా ఉన్న సంగతే. జామీను సంతకం పెట్టేనాటికి మేము ఆ ముక్క చూడలేదు, తమ్ముడూ చూడలేదు. టిప్పరు మీద ఆశ పెట్టుకొన్నవాళ్ళలో ఎవరు చూచారో మాకు తెలియదు.

2010లో కేంద్రం సక్సేనా గారి అధ్యక్షతన నలుగురి సంఘాన్ని వేసినది. గని వద్దని వారు నివేదిక ఇచ్చారు. ఆగస్టు 24న అడవి అనుమతి నిరాకరించారు. ఆ రాత్రి మా తమ్ముడు అన్నం తినలేదు. మేము కూడా కొండవాళ్ళను అనరాని మాటలు అన్నాము. "పది గుడిసెల వాళ్ళ కోసం ఊరంతా నష్టపోవాలా?" అన్నది మా మాటే.

అమ్మ అప్పుడొక ప్రశ్న వేసినది. ఆమె పుట్టినిల్లు శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర. అక్కడ గొట్టా బారేజి నుంచి వంశధార నీళ్ళు కాలువలలో పారి వరి పండుతుంది. "ఆ కొండ గెడ్డలు వంశధారలో కలవవూ?" అన్నది. కలుస్తాయి. ఈ తూర్పు కనుమల రాయికి కోందుల పేరు మీదనే ఖోండలైట్ అని పేరు. ఆ రాయి వేల వేల ఏండ్లు వానకు నాని బాక్సైటుగా మారి కొండ నెత్తిన టోపీ వలె కూర్చున్నది. అది వాన నీటిని పీల్చుకొని, ఎండకాలంలో కూడా ప్రక్కల నుంచి ఊటలుగా కొద్దికొద్దిగా వదులుతుంది. దానిని తీసివేస్తే గెడ్డల సంగతేమిటన్నది ఆ వివాదంలో ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి. దూరాన ఉన్నవాళ్ళు వ్రాసి పంపవచ్చునని నియమం ఉండగా, మేనమామల ఊరినుంచి ఒక్క కార్డు అయినా వెళ్ళినదా అని విచారించాము. అటువంటి పని జరుగుతున్నదనే వారికి తెలియదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, ఆ కొండ మీద తమ హక్కులేమిటో, నియమరాజు పూజకు గని అడ్డమగునో కాదో గ్రామసభలే తేల్చాలన్నారు. పన్నెండు పల్లెలు ఏర్పాటు చేశారు, రాయగడ జిల్లావి ఏడు, కలహండివి అయిదు. జిల్లా జడ్జీలు సభలకు వచ్చి కూర్చున్నారు. జూలై 18న మొదటి సభ, ఆగస్టు 19న చివరిది. పన్నెండూ వద్దన్నాయి. పెద్ద పట్టణాలలో ఒక వార్డు సమావేశానికి జనం రాక కుర్చీలు ఖాళీగా ఉండటం చూచినవాళ్ళం. వానాకాలంలో, ఆ కొండలలో, పన్నెండుకు పన్నెండు ఒకే మాట అనటం మాకు నమ్మశక్యం కాలేదు. 2014 జనవరిలో కేంద్రం చివరి మాటగా కాదన్నది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం సభలు మళ్ళీ జరపాలని కోర్టుకు వెళ్ళినా చెల్లలేదు.

సభలు జరుగుతున్న రోజులలోనే ఒక బుధవారం చాటికోనకు పోయినాము. పసుపు రాసి ముందు కూర్చున్న ముసలామెతో, మా తమ్ముడి లారీ సంగతి మనసులో మెదులుతుండగా, "గని వస్తే మీ పిల్లలకు పనులు దొరికేవి గదా" అన్నాము. ఆమె తూకం వైపు చూస్తూ, "మీ ఊరివాళ్ళకు చదవటం వచ్చు. చదివి చెప్పమంటే చెప్పరు" అన్నది. ఆ కుర్రవాడికి ఈమె ఏమైనా అవుతుందా అని అడగటానికి నోరు రాలేదు. బేరం ఆడకుండా డబ్బిచ్చి వచ్చాము. అది ఏ మూలకు?

అలాగని మేము కొండ పక్షం వాళ్ళమైపోయామని చెప్పటం లేదు. మా వంటింట్లో సత్తు గిన్నెలు ఉన్నవి. లాంజిగఢ్ కర్మాగారం మరో చోటి బాక్సైటుతో నడుస్తూనే ఉన్నది. ఆ చోట ఉన్నవాళ్ళను ఎవరు ఏ భాషలో అడిగారో మేము విచారించలేదు. అప్పు మాత్రం 2016 దాకా కట్టినాము, సగం వాడు, సగం మేము. అమ్మ హిరమండలం వైపు వాళ్ళకు పెళ్ళికని దాచిన గొలుసు కూడా అందులో పోయినది.

టిప్పరును 2014లోనే నష్టానికి అమ్మి, తమ్ముడు చిన్న వ్యాను ఒకటి కొన్నాడు. బుధవారాలలో చాటికోన నుంచి అనాసలు రాయగడ బజారుకు వేస్తాడు. మేము తోడు వెళ్ళిన రోజున ఎవరైనా కాగితం తెస్తే వ్యాను ముందు మెట్టు మీద కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివి చెబుతాము. రేషను కాగితాలు, బ్యాంకు కాగితాలు, ఒకసారి అడవి హక్కుల పట్టా. అందువల్ల తిరుగుప్రయాణం ఆలస్యమవుతుందని తమ్ముడు గొణుగుతాడు. అనాస ముళ్ళు గుచ్చుకొన్న చేతులు తుడుచుకొంటూ, "చదివింది చాలు అన్నయ్యా, సరుకు మగ్గిపోతోంది" అంటాడు.